రేకు మాస్టారికి పది ప్రశ్నలు

“ముందు ఆ అట్టపెట్టెలోంచి బయటికి రండి బావగారూ. పెట్టెతో మాట్లాడుతున్నానని మా వాళ్ళు నవ్వుకుంటున్నారు,” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

టైము అయిదూ ఇరవై. డిటెక్టివ్ బయటికి రాలేక రావడం లేదు. మధ్యాహ్నం మూడింటికి భార్య అతన్ని ఆ తెల్లటి ఘనంలోకి దింపి, వీపు వెనక నాలుగు పీటముళ్ళు బిగించి, “ఆరింటిదాకా విప్పకూడదు, ఇక్కడి పద్ధతి,” అని చెప్పి జనంలో కలిసిపోయింది. చేతులు రెండూ పక్క కన్నాల్లోంచి మోచేతుల దాకా వస్తాయి. అంతే.

ఆ డిజైన్ కాలేజీకి ఇవాళ్టితో యాభై ఏళ్ళు. కుర్చీ, దీపం, గుడ్డ, అక్షరం, ఇలా మనిషి చెయ్యి తగిలే ప్రతి వస్తువునీ నగిషీలు లేకుండా, పనికొచ్చేంత మేరకే గీయడం నేర్పే చోటు. వాళ్ళ వేషాల పండగ కూడా అలాంటిదే. రాజులు, రాణులు, పులులు లేరు. ప్రతివాళ్ళూ ఏదో ఒక ఆకారంగా రావాలి. ముఖం కనబడకూడదు. ఆరు కొట్టగానే అందరూ ఒకేసారి ముసుగులు తియ్యాలి. మూడు వందల గోళాలు, శంకువులు, ఘనాలు హాల్లో ఒకదాన్నొకటి రాసుకుంటూ తిరిగాయి, వేదిక మీద రేకు స్థూపం వేషంలో లోహ విభాగం మాస్టారు, అదే రేకు మాస్టారు, ఆపకుండా కొడుతున్న గంటకి తగ్గట్టు. “శంకువు గారూ, మీ మొన నా కంట్లో గుచ్చుకుంటోంది, కాస్త జరుగుతారా,” అని నవ్వులు.

నాలుగూ ఇరవైకి ఆ నవ్వులు ఆగిపోయాయి. ప్రదర్శన గదిలో ప్రిన్సిపాల్ తల పగిలి పడి ఉన్నాడు. పిడికిట్లో ఎర్ర నూలుపోగు. అద్దాల పెట్టెలోంచి ఒక పాత డ్రాయింగ్ మాయం. నాలుగూ ముప్పై అయిదుకి ఇన్‌స్పెక్టర్ వచ్చి గేట్లు మూయించాడు. కొన ఊపిరితో ఉన్న ప్రిన్సిపాల్‌ని తీసుకెళ్ళే ఆంబులెన్సు కోసం మాత్రం నలభైకి ఒకసారి తెరిపించాడు. అయిదింటికి, విప్పడం కుదరని ఒకరిద్దరివి తప్ప, అందరి ముసుగులూ తీయించాడు. అయిదూ పదికి నేత విభాగం మేడమ్‌ని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, తలుపు దగ్గర కానిస్టేబుల్‌ని నిలబెట్టాడు.

“ఎర్ర పట్టీల వేషం ఆవిడదొక్కటే. ప్రిన్సిపాల్‌తో నెల రోజులుగా గొడవ. ఆ టైములో ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు,” ఇన్‌స్పెక్టర్ వేళ్ళు మడిచాడు. “ఆరింటికి జీపెక్కిస్తాను. మీరొచ్చేసరికి వంట అయిపోయింది బావగారూ, వడ్డనకి కూర్చోండి.”

“ఉప్పు సరిపోయిందో లేదో చూసినవాడెవడు? నలభై నిమిషాలివ్వు.”

“అక్క మొహం చూసి ఇస్తున్నా.”

అతను భార్య తమ్ముడు. చిన్నప్పుడు చదరంగంలో ఓడిపోతే బల్ల తన్నేసేవాడు. ఇప్పుడు బల్ల తన్నే అధికారం ఉద్యోగంతో పాటే వచ్చింది.

ఆఫీసు గదిలో నేత మేడమ్ కుర్చీ అంచున కూర్చుని ఉంది. మెడ నుంచి మడమల దాకా ఎర్ర పట్టీ మెలికలు తిరిగి ఉంది. యాభై దాటిన మనిషి. ఏడవలేదు. ఏడుపు రాకుండా చేతివేళ్ళతో పట్టీ అంచుని కొలుస్తోంది, మళ్ళీ కొలుస్తోంది. డిటెక్టివ్ ఆ వేళ్ళనే చూశాడు. ఇరవై ఏళ్ళు మనస్తత్వశాస్త్రం పాఠం చెప్పినవాడికి ముఖం మీద పెద్ద నమ్మకం ఉండదు.

“నాలుగింటి నుంచి నాలుగూ ఇరవై దాకా ఎక్కడున్నారు మేడమ్?”

“మగ్గాల గదిలో. భుజం దగ్గర పట్టీ జారుతుంటే కుట్టుకున్నాను.”

“ఎవరైనా చూశారా?”

“మగ్గాలు చూశాయండీ. వాటి సాక్ష్యం చెల్లుతుందేమో ఇన్‌స్పెక్టర్ గారిని అడగండి.”

డిటెక్టివ్ ప్లాస్టిక్ కవర్లోని పోగు చూపించాడు. ఆవిడ భయపడాల్సింది పోయి ముందుకు వంగింది. కళ్ళజోడు సర్దుకుంది.

“రంగు నాదే. నేనే అద్దించాను. కానీ ఇది ఊడొచ్చిన పోగు కాదు. గుంజితే చివర పీచు లేస్తుంది. దీని రెండు చివర్లూ కోసి ఉన్నాయి. అదీ బట్టల కత్తెరతో కాదు, మొద్దు కత్తెరతో. చూడండి, చివర ఎలా నలిగిపోయిందో. తల పగలగొట్టే మనిషి మధ్యలో ఆగి, తన బట్టలోంచి పోగు కోసి ఆయన చేతిలో పెడుతుందా?”

“గొడవ దేనికి?”

“నా మగ్గాల్ని చిన్న గదిలోకి మార్చమన్నారు. పోట్లాడాను. మొన్న ఆయనే వచ్చి, ‘గది సంగతి పక్కన పెట్టండి మేడమ్. పండగ రోజు ఆరింటికి ముందు వరసలో కూర్చోండి. మీ గురించి ఒక మాట చెప్పాలి, అది అందరి ముందే చెప్పాలి,’ అన్నారు.” ఆవిడ పట్టీ అంచు వదిలేసింది. “ఏం మాటో తెలీదు. ఇప్పుడు ఆరింటికి ముందు వరసలో కాదు, జీపులో కూర్చుంటాను. ముప్పై రెండేళ్ళండీ ఇక్కడ. నా పిల్లలందరూ ఆ హాల్లోనే ఉన్నారు.”

ప్రదర్శన గదిలో నేల మీద సుద్దముక్కతో గీసిన ప్రిన్సిపాల్ ఆకారం. పక్కనే ఇత్తడి దీపపు స్తంభం, దాని అడుగున రక్తం. గోడకి అద్దాల పెట్టె. లోపల ఎనిమిది పాత డ్రాయింగులు ఉండాలి, ఏడున్నాయి. ఖాళీ జాగా కింద పాత చీటీ: “మడత కుర్చీ, మొదటి చిత్రం. గీసినది: లోహ విభాగం మాస్టారు.” ఈ కాలేజీ పేరు ప్రపంచానికి తెలిసింది ఆ కుర్చీతోనే. మడిస్తే పలక, విప్పితే సింహాసనం.

డిటెక్టివ్ అద్దాన్ని అంచు నుంచి అంచు దాకా చూశాడు. ఏదో అతన్ని గిల్లుతోంది. అద్దం పగల్లేదు. పగలగొట్టకుండా డ్రాయింగ్ తీయాలంటే చుట్టూ ఉన్న చట్రం విప్పాలి. చట్రానికి ఎనిమిది స్క్రూలు. ఎనిమిదీ తిరిగి బిగించి ఉన్నాయి. కాళ్ళ దగ్గర ఒక మనిషి రక్తం ఓడుతుంటే దొంగ నిలబడి స్క్రూలు బిగించాడా?

దగ్గరికెళ్ళాడు. స్క్రూ తలల మీది గాడులు, ఎనిమిదింటివీ, నిటారుగా పైకీ కిందికీ ఉన్నాయి. ఒక్క వెంట్రుకవాసి వంకర లేదు.

అక్కడ భయం లేదు, తొందర లేదు. వంకర చూసి ఓర్చుకోలేని చెయ్యి ఉంది. మనిషి అబద్ధం చెప్పేటప్పుడు నాలుకని కాపలా కాస్తాడు. చేతుల్ని ఎవడూ కాపలా కాయడు.

“ఈ ముళ్ళు కోసెయ్యవయ్యా,” అన్నాడు కానిస్టేబుల్‌తో. అట్టపెట్టె ఊడి గోడకి ఆనింది. అతను బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, అద్దాల పెట్టె అడుగున ఉన్న దిమ్మ కిందికి చూశాడు. బొటనవేలంత సందు. అందులో తెల్లగా ఏదో ఉంది. పెన్సిల్‌తో లాగాడు.

కొత్తగా అచ్చువేసిన చీటీ. “మడత కుర్చీ, మొదటి చిత్రం. గీసినది: నేత విభాగం, మొదటి సంవత్సరం విద్యార్థిని.” కింద తేదీ, ముప్పై రెండేళ్ళ కిందటిది.

“అదీ సంగతి,” అన్నాడు పైకే. పెట్టె విప్పింది దొంగ కాదు. ప్రిన్సిపాలే విప్పాడు, చీటీ మార్చడానికి. ఆరింటికి చెప్పబోయే మాట ఇదే. ఆ మాట బయటికి రాకూడదనుకున్నవాడు వెనక నుంచి వచ్చాడు. డ్రాయింగ్ తీసుకున్నాడు. ముందే కోసి తెచ్చుకున్న ఎర్ర పోగుని ఆయన పిడికిట్లో పెట్టాడు. పాత చీటీ మళ్ళీ పెట్టాడు. ఆపైన అలవాటు ఊరుకోలేదు.

చీటీ చూపిస్తే నేత మేడమ్ చదివింది. మళ్ళీ చదివింది. “ఆ బొమ్మ ఇంకా ఉందా?” అంది, తప్పిపోయిన మనిషి గురించి అడిగినట్టు. “చేరిన కొత్తల్లో గీశాను. అప్పుడు మాస్టారు చిన్న లెక్చరర్. ‘ఆడపిల్లవి, ఇనుముతో నీకేం పని, మగ్గం చూసుకో’ అని కాగితం తీసుకున్నారు. రెండేళ్ళకి కుర్చీ వచ్చింది. ఎవరితోనూ అనలేదండీ. ఏళ్ళు గడిచేకొద్దీ నేనే గీశానా, గీశాననుకుంటున్నానా అని నాకే అనుమానమొచ్చేది.”

గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ చప్పట్లు కొట్టాడు.

“బాగుంది బావగారూ! నాకు దొరకని ఒక్కటీ మీరే తెచ్చిచ్చారు. ముప్పై రెండేళ్ళ పగ. ఇంతకంటే కారణం ఏ జడ్జీ అడగడు.”

“పేరు నిలబెట్టబోతున్న మనిషి తలే పగలగొడుతుందా? నీకు బుర్ర...”

“ఉంది. మా అక్కయ్య చెప్తుంటుంది, లేనిది మీకేనని.”

“స్క్రూలు చూశావా?”

“మంచి పనివాడెవడైనా అలాగే బిగిస్తాడు. మెటల్ సెక్షన్లో పదకొండు మంది ఉన్నారు.”

“కుర్చీ తనదని ముప్పై ఏళ్ళు చెప్పుకున్నవాడు ఒక్కడే.”

“రేకు మాస్టారా?” ఇన్‌స్పెక్టర్ పగలబడి నవ్వాడు. “మూడున్నర నుంచి ఆయన వేదిక మీద రేకు డబ్బాలో ఉన్నాడు. గంట కొడుతూనే ఉన్నాడు. మూడొందల మంది చూశారు. మీరూ చూశారు. అరవై రివెట్లు ఊడగొడితే గానీ బయటికి రాలేడు. ‘నన్నిప్పుడు విప్పితే పావుగంట పోతుంది, ముందు మీ పని చూసుకోండి’ అని ఆయనే అన్నాడు, పాపం. ఇప్పటికీ నిలబడే ఉన్నాడు.”

టైము అయిదూ నలభై నాలుగు.

హాల్లో జనం గోడల వెంట కూర్చుని ఉన్నారు. ముసుగులు ఒళ్ళో పెట్టుకుని, రెక్కలు ఊడిన పక్షుల్లా. వేదిక మీద ఆరడుగుల స్థూపం ఒంటరిగా మెరుస్తోంది. వెనక నల్ల తెర, ముందు కంచు గంట. కళ్ళ చోట సన్నటి చీలిక, నోటి చోట జల్లెడ. కుడి పక్క రేకు చెయ్యి, దానికి సుత్తి.

“మాస్టారూ, బాగా అలసిపోయుంటారు,” అన్నాడు డిటెక్టివ్.

“అలవాటే,” అంది స్థూపం. గొంతు రేకులో మోగి బొంగురుగా వచ్చింది. “ఆవిడ ఇంత పని చేస్తుందనుకోలేదండీ.”

“పది ప్రశ్నలు అడుగుతాను. ఆలోచించొద్దు, తట్టింది చెప్పండి.”

ఇది అతని పాత ఆట. తేలిక ప్రశ్నకి జవాబు టక్కున వస్తుంది. పుండు మీద పడ్డ ప్రశ్నకి మనసు ఒక్క క్షణం తడబడుతుంది. ఆ క్షణాన్ని ఎవడూ దాచలేడు. డిటెక్టివ్ చేతి గడియారంలో సెకన్ల ముల్లు మీద కన్నుంచాడు. వెనకే నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ఆవలించాడు.

“వయసు?”

“...యాభై ఎనిమిది.” సెకనున్నర.

“ఇక్కడ ఎన్నేళ్ళు?”

“...ముప్పై అయిదు.” సెకనున్నర.

“వేదిక ఎక్కింది ఎప్పుడు?”

“...మూడున్నరకి.”

“మధ్యలో దిగారా?”

“...ఎలా దిగుతానండీ, సీసాలో వంకాయలా ఇరుక్కుంటే?”

హాల్లో ఎవరో నవ్వారు. డిటెక్టివ్ లోపల ఉత్సాహం ఉరకలేస్తోంది. ప్రతి జవాబుకీ జాగ్రత్త! అడుగడుగునా కాపలా! దొరికాడు.

“మడత కుర్చీ ఎవరు గీశారు?”

“...నేను.” సెకనున్నర.

ముల్లు ఇక్కడ ఆగాలి. ఆగలేదు. ఉత్సాహం మీద ఎవరో నీళ్ళు చల్లినట్టయింది.

“ఏడూ అయిదూ ఎంత?”

“...పన్నెండు. ఇదేం ప్రశ్నండీ, ఒకటో తరగతా?”

పన్నెండుకీ సెకనున్నరే. కుర్చీకీ సెకనున్నరే. ఏడూ అయిదూ కలపడానికి ఏ నేరస్తుడూ జాగ్రత్త పడడు. డిటెక్టివ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది. ఇంతసేపూ ఆ ఆలస్యంలో అపరాధాన్ని చూశాడు. చూడాలనుకున్నాడు గనక చూశాడు. మూడు వందల మంది డబ్బాలో మనిషిని చూసినట్టే.

అప్పుడు గుర్తొచ్చింది, ఘనంలో ఏమీ తోచక మధ్యాహ్నం తన నాడి తానే లెక్కపెట్టుకోవడం. వేదిక మీది గంట దెబ్బకీ దెబ్బకీ మధ్య నాడి పదకొండు సార్లు కొట్టుకుంది. ప్రతిసారీ పదకొండే. ‘ఏం క్రమశిక్షణ!’ అని పక్కనున్న గోళం మెచ్చుకుంది. చెమట పట్టిన మనిషి చెయ్యి యాభై నిమిషాలు అలా కొట్టదు.

“టీయా, కాఫీయా?” అంటూనే పెన్సిల్‌తో రేకుని మెల్లగా తట్టాడు.

ఖాళీ బిందెలా మోగింది.

“...కాఫీ,” అంది స్థూపం. తట్టింది తన ఒంటినే అయినా, ఎందుకు తట్టారని అడగలేదు.

డిటెక్టివ్ మాట ఆపలేదు. “కాఫీ మనుషులకి కోపం ఎక్కువంటారు మాస్టారూ,” అని నవ్వుతూనే, ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి పెదవుల మీద వేలుంచాడు. తెర వెనక్కి చూడమని కళ్ళతో చెప్పాడు. జేబులోని కొత్త చీటీ వెనక పెన్సిల్‌తో రాశాడు: ‘లోపల మనిషి లేడు. గేటు దాటి ఎవరు వెళ్ళారు?’

ఇన్‌స్పెక్టర్ చిరాగ్గా తెర ఎత్తాడు. రేకు వెనక సన్నటి తలుపు ఓరగా ఉంది. లోపల చిన్న మోటారు, పళ్ళచక్రం, సుత్తి కడ్డీ. నోటి జల్లెడకి రబ్బరు పట్టీతో కట్టిన సెల్‌ఫోను, లైను నడుస్తూనే ఉంది. ఆ సెకనున్నరా మాట ఈ లైన్లో వెళ్ళి రావడానికి పట్టేదే. ఇన్‌స్పెక్టర్ తెర వదిలి వచ్చాడు. చీటీ లాక్కుని రాశాడు. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి: ‘కాగితం గోళం వేషమాయన. ప్రిన్సిపాల్ తమ్ముణ్ణన్నాడు. ఆంబులెన్సులో నేనే ఎక్కించాను.’

‘అక్కడ మనవాళ్ళెవరు?’

‘లేరు. దొంగ దొరికిందనుకున్నాను.’

తలకి కుట్లు వేశాక ఆరింటికల్లా ప్రిన్సిపాల్‌కి స్పృహ వస్తుందని డాక్టరు ఫోనులో చెప్పింది ఇన్‌స్పెక్టర్‌తోనే. టైము అయిదూ యాభై ఒకటి. ఆసుపత్రికి జీపులో పది నిమిషాలు. ఇన్‌స్పెక్టర్ ఫోను చెవికి ఆనించుకుని హాలు చివరికి పిల్లిలా పరిగెత్తాడు. దూరం నుంచే తల అడ్డంగా ఊపాడు. ఆసుపత్రి లైను బిజీ.

మాటల్లో ఉన్నంతసేపు మాస్టారు ఆసుపత్రి వరండాలోనే ఉంటాడు. మాట తెగితే ప్రిన్సిపాల్ నోరు మూయించడానికి ఆయన గదిలోకి వెళ్తాడు.

“నేత మేడమ్ తెలివైన మనిషేనంటారా?”

“...చెయ్యి మంచిది. తల లేదు. డిటెక్టివ్ గారూ, ఎనిమిదయ్యాయి. కాళ్ళు లాగుతున్నాయి, త్వరగా కానివ్వండి.”

“ఆవిడకి శిక్ష పడితే మీకేమనిపిస్తుంది?”

“...జాలి. ఇంకొకటేగా?”

ఇంకొకటే. ఏ మాట ఈ మనిషిని ఆపగలదు? భయపెడితే పారిపోడు, పని ముగిస్తాడు. పొగిడితే వినడు. ప్రదర్శన గదిలో, రక్తం పక్కన, అతన్ని ఆపగలిగింది ఒక్కటే.

“మాస్టారూ, ఆ అద్దాల పెట్టె స్క్రూల్లో ఒకటి వంకరగా ఎందుకుంది?”

సెకనున్నర. రెండు. మూడు. నాలుగు.

“లేదు,” అంది గొంతు. బొంగురు పోయి సన్నబడింది. “ఎనిమిదీ నిటారుగానే పెట్టాను.”

హాలంతా విన్నది. ఆఫీసు గుమ్మంలో నేత మేడమ్ ఎర్ర పట్టీని గుప్పిట పట్టుకుని నిలబడిపోయింది. రేకులోంచి ఊపిరి మాత్రం వినిపిస్తోంది, తానేం అన్నదీ తనకే అప్పుడప్పుడే తెలుస్తున్న మనిషి ఊపిరి.

“మాస్టారూ, లైన్లోనే ఉండండి. నా మాట వినండి...”

జల్లెడలోంచి ఇంకో గొంతు వచ్చింది. దూరంగా, ఆడగొంతు, చెప్పుల చప్పుడుతో పాటు.

“పేషెంటుకి మెలకువ వచ్చిందండీ. తమ్ముడు గారు ఎవరు?”

“నేనేనమ్మా.”

ఆ జవాబు మాత్రం క్షణం ఆలస్యం లేకుండా వచ్చింది.